రోజువారీ వాడకానికి స్పోర్టీ ఆల్‌వీల్ డ్రైవ్ చిన్న కారు: కొనేముందు ఏం చూడాలి?

మూడోగేరు:
నమస్తే అందరికీ. ఇంటికి ఒకటే కారు. ఆఫీసుకీ అదే, పిల్లల బడికీ అదే, సెలవొస్తే ఘాట్ రోడ్డుకీ అదే. నాలుగింటి మీద కన్ను పడింది: టయోటా జీఆర్ యారిస్, జీఆర్ కరోలా, ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్, సుబారు డబ్ల్యూఆర్ఎక్స్. కొత్తదైనా పర్లేదు, బాగా చూసుకున్న సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు. రివ్యూలు చూస్తే అన్నీ ల్యాప్ టైములూ, 0-100 అంకెలే. ట్రాఫిక్‌లో పాకేటప్పుడు ఎలా ఉంటుంది, వానలో ఎలా ఉంటుంది, ఏ పార్టు ముందు పోతుంది, ఎందుకు పోతుంది అనేది ఒక్కరూ చెప్పరు. తెలిసినవాళ్లు చెప్పండి.

టార్క్‌బాబాయ్:
నాలుగింటి వెనకా ఆల్‌వీల్ డ్రైవ్ అనే రాసుంటుంది గానీ, లోపలున్న యంత్రాలు వేరు. అది తెలిస్తే సగం ప్రశ్నలకి జవాబు దొరికినట్టే.

గోల్ఫ్ ఆర్‌లో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, దాని బలం ముందు చక్రాలకి ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. ఏడో తరం దాకా వెనక డిఫరెన్షియల్ (రెండు చక్రాలూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) ముందు ఒక మల్టీప్లేట్ క్లచ్ ఉండేది, హాల్డెక్స్ కప్లింగ్ అంటారు దాన్నే. చిన్న ఎలక్ట్రిక్ పంపు ఆయిల్ ఒత్తిడితో ప్లేట్లని బిగిస్తుంది. ఎంత బిగిస్తే అంత టార్కు (తిప్పే బలం) వెనక్కి పోతుంది. ఎనిమిదో తరం ఆర్‌లో వెనక ఇరుసు మీద రెండు క్లచ్‌లు, చక్రానికొకటి. వెనక్కి వచ్చిన టార్కు మొత్తం బయటి చక్రానికే ఇవ్వగలదు కాబట్టి మలుపులో ముక్కు లోపలికి తిరుగుతుంది.

జీఆర్ యారిస్, జీఆర్ కరోలాల్లోనూ వెనక్కి పంపేది ఎలక్ట్రానిక్ క్లచ్చే. 2020లో వచ్చిన యారిస్‌లో డయల్ తిప్పితే ముందుకీ వెనక్కీ 60:40, 50:50, 30:70 అని మూడు పంపకాలు. 2024 మార్పుల తర్వాత నార్మల్ 60:40, గ్రావెల్ 53:47, ట్రాక్ మోడ్‌లో అవసరాన్ని బట్టి 60:40 నుంచి 30:70 దాకా మారుతుంది. ముందు, వెనక టోర్సెన్ డిఫరెన్షియల్స్ (ఒక చక్రం జారితే రెండోదానికి బలం పంపేవి) కొన్ని వేరియంట్లలోనే ఉంటాయి. కొనేటప్పుడు ఛాసిస్ నంబరు పెట్టి కనుక్కోండి.

మాన్యువల్ డబ్ల్యూఆర్ఎక్స్ పాతకాలపు పద్ధతి. మధ్యలో డిఫరెన్షియల్, దానికి విస్కస్ కప్లింగ్ (చిక్కటి సిలికాన్ ద్రవంతో బిగిసేది), పంపకం 50:50. పంపు లేదు, దానికో కంప్యూటరూ లేదు. అదే కారు సీవీటీలో (మెట్లు మెట్లుగా గేర్లు లేని ఆటోమేటిక్) తీసుకుంటే వేరే వ్యవస్థ, మామూలుగా 45:55.

పంపూ ప్లేట్లూ ఉన్న రకానికి ఆయిలే ప్రాణం. విస్కస్ రకానికి టైర్లు ప్రాణం. మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

తడిరోడ్డు:
బాబాయ్ చెప్పింది కరెక్టే, కానీ అసలు ప్రశ్న వదిలేశారు. రోజూ తారు రోడ్డు మీద, ఎక్కువగా ఎండలో తిరిగే కారుకి నాలుగు చక్రాల డ్రైవ్ దేనికి? అదనంగా 70 నుంచి 100 కిలోల బరువు, ప్రొపెల్లర్ షాఫ్టు, ఇంకో డిఫరెన్షియల్, ఇంకో రెండు చోట్ల ఆయిల్ మార్చాలి, మైలేజీ తగ్గుతుంది, డిక్కీ చిన్నదవుతుంది. మంచి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక్క చక్రమే జారిపోకుండా ఆపేది) ఉన్న ఫ్రంట్‌వీల్ డ్రైవ్ హాట్ హ్యాచ్ (పవర్ ఎక్కువున్న చిన్న కారు) తీసుకుంటే ఈ తలనొప్పులేవీ ఉండవు.

ఇంకో ముఖ్యమైన సంగతి: బ్రేకు తొక్కినప్పుడు ఆల్‌వీల్ డ్రైవ్ వల్ల ఒక్క మీటరు కూడా కలిసిరాదు. 100 కి.మీ. వేగం నుంచి ఆగడానికి, టైరు-రోడ్డు ఘర్షణ గుణకం 0.9 ఉంటే దాదాపు 44 మీటర్లు కావాలి. తడి రోడ్డు మీద 0.6కి పడితే 66 మీటర్లు. టైరు బటన్లు (రోడ్డుకి తగిలే గాళ్ల గట్లు) అరిగి 0.4కి వస్తే 98. ఈ లెక్కలో ఎన్ని చక్రాలకి డ్రైవ్ ఉందన్న ప్రస్తావనే రాదు. కానీ నాలుగు చక్రాలు పట్టుకుని లాగుతుంటే వానలో కూడా కారు స్లిప్ అవకుండా వేగం అందుకుంటుంది. రోడ్డు ఎంత జారుడుగా ఉందో డ్రైవరుకి తెలిసేది బ్రేకు తొక్కాకే. నాకు ఇదే భయం.

టార్క్‌బాబాయ్:
బ్రేకు విషయంలో తడిరోడ్డు గారితో వంద శాతం ఏకీభవిస్తాను. అవసరం లేదన్న మాట మాత్రం పవర్‌ని బట్టి ఉంటుంది. లెక్క వేద్దాం.

400 న్యూటన్ మీటర్ల ఇంజిన్ అనుకోండి. రెండో గేరు 2.1, ఫైనల్ డ్రైవ్ 4 అనుకుంటే చక్రాల దగ్గర 3,360 న్యూటన్ మీటర్లు. చక్రం వ్యాసార్ధం 0.32 మీటర్లు, అంటే నేల మీద నెట్టే బలం 10,500 న్యూటన్లు. కారు 1,500 కిలోలు, ముందు ఇరుసు మీద 900. పొడి రోడ్డు మీద ముందు టైర్లు మోయగలిగేది సుమారు 7,900 న్యూటన్లు, తడి మీద 5,300. ఎక్సలేటర్ తొక్కగానే బరువు వెనక్కి జరుగుతుంది కాబట్టి నిజానికి అంతకన్నా తక్కువే. నాలుగు చక్రాలకీ పంచితే పొడి మీద 13,200, తడి మీద 8,800.

అంటే రెండో గేరులో ఫుల్ థ్రాటిల్ ఇస్తే ఫ్రంట్‌వీల్ డ్రైవ్ కారు పొడి రోడ్డు మీదే చక్రాలు జార్చేసి ట్రాక్షన్ కంట్రోల్‌తో పవర్ కోయించుకుంటుంది. 200 పీఎస్ (ఇంచుమించు హార్స్‌పవర్) లోపు కారైతే మీరన్నదే నిజం, ఆల్‌వీల్ దండగ. 300 దాటితే రోడ్డు మీద వాడుకోగలిగే పవర్ కోసమే అది కావాలి. చిన్న సందులోంచి మెయిన్ రోడ్డెక్కేటప్పుడు, తడిగా ఉన్న రౌండెబౌట్ దాటేటప్పుడు తేడా స్పష్టంగా తెలుస్తుంది.

రింగురోడ్డు:
లెక్కలు బాగున్నాయి, ట్రాఫిక్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? ట్రాఫిక్‌లో చూడాల్సిన అంకె పీఎస్ కాదు, టార్కు ఏ ఆర్‌పీఎం దగ్గర వస్తుందన్నది.

ఎనిమిదో తరం గోల్ఫ్ ఆర్, 320 పీఎస్ వెర్షన్: 420 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు), 2,100 ఆర్‌పీఎం నుంచి.
డబ్ల్యూఆర్ఎక్స్ 2.4 లీటర్: 350 ఎన్ఎం, 2,000 నుంచి.
2025 మోడల్‌కి ముందు జీఆర్ కరోలా: 370 ఎన్ఎం, 3,000 నుంచి.
మొదటి జీఆర్ యారిస్: 360 ఎన్ఎం, 3,000 నుంచి.

టయోటా ఇంజిన్ 1,618 సీసీ, మూడు సిలిండర్లు. అంత చిన్నదాంట్లోంచి అంత పవర్ లాగాలంటే టర్బో బలంగా ఊదాలి, కాబట్టి కింది ఆర్‌పీఎంలో కాస్త నీరసం. మూడో గేరులో 40 మీద పోతూ బస్సుని దాటాలంటే రెండుకి దించాల్సిందే. గోల్ఫ్‌లో కాలు కొంచెం నొక్కితే చాలు. గేరు మార్చడం సరదా అనుకునేవాళ్లకి ఇది లోపమే కాదు, రోజూ నిలిచి కదిలే ట్రాఫిక్‌లో మాత్రం విసుగు. మాన్యువల్ వద్దనుకుంటే 2024 నుంచి యారిస్‌లో, 2025 మోడల్ నుంచి కరోలాలో 8 స్పీడ్ ఆటోమేటిక్ కూడా ఉంది. అది టార్క్ కన్వర్టర్ రకం, పాకేటప్పుడు మెత్తగా ఉంటుంది.

గోల్ఫ్‌లోని డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) తడి క్లచ్ రకమే, అంటే క్లచ్ ఆయిల్లో మునిగి ఉండేదే అయినా, అడుగు అడుగూ జరిగేటప్పుడు క్లచ్ సగం పట్టుకుని సగం జారుతూ ఉంటుంది. ముందు బండికీ మీకూ మధ్య ఒక కారు పొడవు ఖాళీ వచ్చేదాకా బ్రేకు మీదే ఉండి, ఒక్కసారిగా కదలండి. ఎక్కుడు రోడ్డు మీద బ్రేకు వదిలేసి ఎక్సలేటర్‌తో కారుని నిలబెట్టారంటే ఆ వేడంతా క్లచ్ ఆయిల్‌కే. ఆటో హోల్డ్ బటన్ ఉన్నది అందుకే.

స్పానర్14:
ఇక నా వంతు. నాలుగు కార్లకీ మొదటి ఖర్చు టైర్ల దగ్గరే వస్తుంది. పంక్చరైన టైరు ఒక్కటి మార్చి చేతులు దులుపుకుంటే ఆల్‌వీల్ డ్రైవ్‌ని మీరే చంపుకున్నట్టు.

కారణం ఇది. 225/40 ఆర్18 టైరు తీసుకోండి. సైడ్‌వాల్ 90 మి.మీ., మొత్తం వ్యాసం 637, చుట్టుకొలత సుమారు 2,002 మి.మీ. బటన్ 1 మి.మీ. అరిగితే చుట్టుకొలత 6.3 మి.మీ. తగ్గుతుంది. 5 మి.మీ. అరిగితే 31. ముందు రెండూ అరిగినవి, వెనక రెండూ కొత్తవి అయితే నేరుగా పోతున్నప్పుడు కూడా ముందు ఇరుసు 1.6 శాతం వేగంగా తిరుగుతుంది. ఆ తేడాని మింగాల్సింది మధ్యలో ఉన్న క్లచ్ ప్లేట్లో, విస్కస్ కప్లింగో. హైవే మీద గంటలకొద్దీ అలా రుద్దుకుంటే వేడెక్కి ఆయిల్ మాడుతుంది, ప్లేట్లు కాలతాయి. విస్కస్ అయితే లోపలి సిలికాన్ ద్రవం పాడై గట్టిగా పట్టేసుకుంటుంది.

సుబారు పెట్టిన హద్దు చుట్టుకొలతలో పావు అంగుళం, అంటే 6.4 మి.మీ. పైన లెక్క చూడండి, బటన్ లోతులో దాదాపు 1 మి.మీ. తేడా. మిగతా కంపెనీలు కొన్ని ఇంకొంచెం ఉదారంగా ఉంటాయి, మీ కారు మాన్యువల్లో ఎంతుంటే అంతే. పాటించాల్సింది ఇది:

నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే సైజు. పేరు మీద సైజు ఒకటే అయినా వేర్వేరు కంపెనీల టైర్ల అసలు చుట్టుకొలత తేడాగా ఉంటుంది.
8,000 కి.మీ.కి ఒకసారి రొటేషన్. బాణం గుర్తున్న టైర్లయితే అదే పక్కన ముందుది వెనక్కి, వెనకది ముందుకి.
డెప్త్ గేజ్‌తో ప్రతి టైరూ మూడు గాళ్లలో కొలవండి: లోపల, మధ్య, బయట. లోపలి అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంట్ పోయినట్టు. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ పెడుతున్నట్టు.
గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఒక టైరులో బాగా తక్కువుంటే దాని చుట్టుకొలత కూడా తేడానే.

గుంటలో పడి సైడ్‌వాల్ ఉబ్బిందంటే లోపలి దారాలు తెగినట్టు. దానికి రిపేరు లేదు, అదే రోజు తీసేయండి. మిగతా మూడూ సగం అరిగి ఉంటే నాలుగూ మార్చాలి, లేదా అంతే అరిగిన అదే మోడల్ టైరు వెతుక్కోవాలి. కొన్ని చోట్ల కొత్త టైరుని మిషన్ మీద చెక్కి మిగతావాటి లోతుకి తెస్తారు.

మూడోగేరు:
స్పానర్ అన్నా, అయితే 19 అంగుళాల చక్రాలు వద్దంటారా? గోల్ఫ్ ఆర్ చాలావరకు 19తోనే కనిపిస్తోంది.

స్పానర్14:
రోజువారీకి వద్దనే అంటాను. 235/35 ఆర్19 సైడ్‌వాల్ 82 మి.మీ. 225/40 ఆర్18 అయితే 90. ఎనిమిది మిల్లీమీటర్లేగా అనుకోకండి. గుంట అంచుకీ రిమ్ముకీ మధ్య ఉన్న దిండు అదొక్కటే. 17కి దిగితే 225/45కి 101 మి.మీ., మొత్తం వ్యాసం 634, అంటే అర శాతం లోపే తేడా, స్పీడోమీటర్‌కి కూడా ఇబ్బంది లేదు. చిక్కల్లా బ్రేకు క్యాలిపర్ దగ్గరే. ఈ కార్ల ముందు డిస్కులు పెద్దవి, ప్రతి 17 రిమ్ము లోపల పట్టదు. కొనేముందు రిమ్ముని హబ్బు మీద పెట్టి చేత్తో తిప్పి చూడండి. క్యాలిపర్‌కీ స్పోకుకీ మధ్య కనీసం 3 మి.మీ. ఖాళీ ఉండాలి. రిమ్ము లోపల అంటించే బ్యాలెన్సింగ్ బరువుల మందం కూడా లెక్కలోకి తీసుకోండి.

బాక్సర్‌ప్రియ:
మాన్యువల్ డబ్ల్యూఆర్ఎక్స్ గురించి నాలుగు ముక్కలు. 2022లో వచ్చిన తరంలో 2.4 లీటర్ ఎఫ్ఏ24 ఇంజిన్, 271 హార్స్‌పవర్. పాత ఎస్‌టీఐలో (డబ్ల్యూఆర్ఎక్స్‌కే ఎక్కువ పవర్ ఉన్న రూపం) ఉన్న 2.5 ఈజే ఇంజిన్ వేరు. పిస్టన్ రింగుల మధ్య గట్టు విరగడం అనే పేరుమోసిన జబ్బు దానిదే, ముఖ్యంగా ట్యూన్ చేసిన వాటిలో. ఎస్‌టీఐ 2021తో ఆగిపోయింది, కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో అదే ఎదురైతే కంప్రెషన్‌తో పాటు లీక్‌డౌన్ టెస్టు (సిలిండర్లోంచి గాలి ఎంత కారుతోందో చూసేది) కూడా చేయించందే అడ్వాన్సు ఇవ్వకండి. ఒక్క సిలిండరు మిగతావాటికన్నా ఎక్కువ లీకైతే వదిలేయండి.

డబ్ల్యూఆర్ఎక్స్‌కి ఇంట్లో ఉపయోగపడే గుణాలే ఎక్కువ: నాలుగు తలుపులు, పెద్ద వెనక సీటు, చుట్టూ బాగా కనిపించే అద్దాలు. మైలేజీ ఆశించకండి. అమెరికా అధికారిక అంకె మాన్యువల్‌కి సగటున గ్యాలన్‌కి 22 మైళ్లు, అంటే లీటరుకి 9.4 కి.మీ. జీఆర్ కరోలా మాన్యువల్ 24, అంటే 10.2. సిటీలో ఇంకా తగ్గుతుంది.

తడిరోడ్డు:
జీఆర్ యారిస్ డిక్కీ 174 లీటర్లు. రెండు క్యాబిన్ బ్యాగులు పెడితే నిండిపోయింది. మూడు తలుపులు, నాలుగే సీట్లు, వెనక్కి పోయేకొద్దీ రూఫ్ కిందికి దిగుతుంది. పిల్లల సీటు బిగించాలంటే ముందు సీటు జరిపి, వంగి, నడుం తిప్పి బిగించాలి, రోజూ. పిల్లలున్న ఇంటికి ఒకటే కారంటే యారిస్‌ని లిస్టులోంచి తీసేయండి. కారు గొప్పదే, ఈ పనికి కాదు.

మూడోగేరు:
యారిస్ తీసేశాను. టెస్ట్ డ్రైవ్‌లో ఏం చూడాలో వరసగా ఎవరైనా చెబుతారా?

టార్క్‌బాబాయ్:
షోరూం వాళ్లు ఖాళీ రోడ్డు మీద ఒకసారి గట్టిగా తొక్కించి పంపేస్తారు. దాంతో తెలిసేది ఏమీ లేదు. మెల్లగా నడిపితేనే ఈ కార్ల గుట్టు బయటపడుతుంది.

ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే ఎందుకని అడగండి. చల్లటి స్టార్టులో డైరెక్ట్ ఇంజెక్షన్ టిక్ టిక్ చప్పుడు మామూలే. గొలుసు గలగల, తెల్లటి పొగ ఆగకుండా రావడం మామూలు కాదు. లిస్టులోకి ఫోర్డ్ ఫోకస్ ఆర్ఎస్ కూడా వస్తే ఇది ఇంకా ముఖ్యం. దాని తొలి మోడళ్లలో హెడ్ గ్యాస్కెట్ సమస్యకి ఫోర్డే 2018లో మరమ్మతు కార్యక్రమం పెట్టింది, అది జరిగినట్టు కాగితం చూడండి.

ఇరవై నిమిషాలు తిప్పాక, అంతా వేడెక్కాక, ఖాళీ పార్కింగులో స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి నడక వేగంతో గుండ్రంగా తిరగండి. తర్వాత రెండో పక్కకి, తర్వాత రివర్స్‌లో. కారు ఎవరో పట్టుకుని ఆపుతున్నట్టు బిగుసుకున్నా, చక్రాలు ఎగిరెగిరి పడుతున్నట్టున్నా కప్లింగ్ పూర్తిగా వదలడం లేదు. చల్లగా ఉన్నప్పుడు ఇది కనిపించకపోవచ్చు, అందుకే వేడెక్కాక చేయమన్నది. పరీక్షకి ముందు మోడ్ నార్మల్‌లో పెట్టండి. 30:70లో, ట్రాక్ మోడ్‌లో కొంచెం బిగుతు సహజం.

మూడో గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర నుంచి సగం ఎక్సలేటర్ ఇచ్చి, ఎంతసేపటికి ఊపందుకుంటుందో చూడండి. ఫుల్ ఇవ్వకండి, కారణం కింద ఎవరో ఒకరు రాస్తారు.

మాన్యువల్ అయితే క్లచ్ జారుతోందా చూడండి: నాలుగో గేరులో 2,500 దగ్గర ఒక్కసారిగా తొక్కితే ఆర్‌పీఎం పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు అయిపోయినట్టే. ఆల్‌వీల్ కార్లో స్టాండింగ్ లాంచ్ చేస్తే చక్రాలు జారవు కాబట్టి దెబ్బంతా క్లచ్చే తింటుంది. సరదా యజమాని చేతిలో ఉన్న కారుకి ఇది తప్పకుండా చూడాల్సిన పని.

చివరగా నలుగురు కూర్చుని స్పీడ్ బ్రేకర్ దాటండి. ఒక్కరే కూర్చుని దాటితే ముందు బంపర్ అంచు, కింది ప్లాస్టిక్ ప్లేటు తగులుతాయో లేదో తెలీదు. వెనక కూర్చున్నవాళ్ల మొహం చూడండి. సస్పెన్షన్ గురించి ఇంతకన్నా నమ్మకమైన రివ్యూ లేదు.

రింగురోడ్డు:
ఆ 'ఎవరో ఒకరు' నేనే అవుతాను. చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్‌ని పెద్ద గేరులో 2,000 ఆర్‌పీఎం లోపు ఫుల్ థ్రాటిల్ ఇచ్చి గుంజితే, స్పార్క్ రాకముందే సిలిండర్లో మంట పుట్టే ప్రమాదం ఉంది. ఎల్ఎస్‌పీఐ అంటారు. ఒక్కసారి గట్టిగా వచ్చినా పిస్టన్ పగలొచ్చు. దీన్ని తట్టుకునేలా పరీక్షించిన ఆయిళ్ల కోసమే అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ 2018లో ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ గ్రేడ్ తెచ్చింది. డబ్బా మీద ఎస్‌పీ లేదా మీ కంపెనీ చెప్పిన స్పెసిఫికేషన్ ఉందా చూసి పోయించండి. చిక్కదనం సరిపోయింది కదా అని పాత స్టాకు డబ్బా తీసుకోవద్దు.

పెట్రోలు: కారుతో వచ్చిన పుస్తకం 98 ఆక్టేన్ అడిగితే 95 పోసినా కారు నడుస్తుంది. ఇంజిన్ తట్టుడుని పసిగట్టే నాక్ సెన్సర్ స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, పవర్ తగ్గుతుంది, మైలేజీ కూడా కొంచెం పడుతుంది. తప్పనిసరై తక్కువ ఆక్టేన్ పోశారా, ఆ ట్యాంకు అయ్యేదాకా ఎండలో, ఘాట్ మీద గట్టిగా తొక్కకండి.

ఇంకొకటి, ఆఫీసు దగ్గరే ఉన్నవాళ్లకి: కూలెంట్ ముల్లు మధ్యకి వచ్చిందంటే ఇంజిన్ ఆయిల్ వేడెక్కిందని కాదు. ఆయిల్ ఇంకో ఐదు పది నిమిషాలు తీసుకుంటుంది. ఆయిల్ టెంపరేచర్ చూపించే పేజీ ఉంటే 80 డిగ్రీలు దాటాకే టర్బోకి పని చెప్పండి. రోజూ మూడు నాలుగు కిలోమీటర్లే తిరిగితే పెట్రోలు ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద లెవెల్ తగ్గాల్సింది పోయి పెరుగుతోందా, వాసన చూస్తే పెట్రోలు కొడుతోందా? ఆయిల్ వెంటనే మార్చేయండి. అలాంటి వాడకానికి కంపెనీ చెప్పిన గడువులో సగానికే మార్చడం మంచిది.

మూడోగేరు:
అందరికీ థాంక్స్. మా వాడకానికి గోల్ఫ్ ఆర్ దగ్గరగా అనిపిస్తోంది. 2018 మోడల్ ఒకటి దొరికింది, ఏడున్నరో తరం (ఏడో తరానికే మధ్యలో మార్పులు చేసినది), డీఎస్‌జీ. ఇంజిన్ ఆయిల్ రికార్డులన్నీ ఉన్నాయి. హాల్డెక్స్ గురించి ఒక్క కాగితమూ లేదు. అమ్మేవాళ్లు 'వార్నింగ్ లైటు రాలేదు కాబట్టి బాగున్నట్టే' అంటున్నారు.

స్పానర్14:
లైటు రాకపోవడం సర్టిఫికెట్ కాదు. ఆ తరం కప్లింగ్‌లో మార్చుకునే ఫిల్టరు లేదు, పంపు నోటి దగ్గర సన్నటి జాలీ మాత్రమే ఉంది. ప్లేట్ల నుంచి రాలే పొడి ఆయిల్లో కలిసి బురదలా ఆ జాలీకి పట్టేస్తుంది. ఆయిల్ అందక పంపు మోటారు ఎక్కువ కష్టపడి, చివరికి కాలిపోతుంది. కాలేదాకా చాలా కార్లలో లైటు రాదు. ఈలోగా అది పేరుకే ఆల్‌వీల్, నడిచేది ముందు చక్రాల మీదే.

తనిఖీ: కంకర లేదా తడి మట్టి ఉన్న చోట ఆపి, మామూలుగా, కొంచెం చురుగ్గా కదలండి. బయట ఒకరు నిలబడి చూడాలి. ముందు చక్రాలు గిర్రున తిరిగి వెనకవి దొర్లుతూ ఉంటే పని చేయట్లేదు. ఇంకా నమ్మకమైనది స్కానర్‌తో. ఆల్‌వీల్ మాడ్యూల్లోకి వెళ్లి అవుట్‌పుట్ టెస్టులో పంపుని ఆన్ చేయిస్తే వెనక ఇరుసు కింద నుంచి సన్నటి గుయ్ శబ్దం వినబడాలి.

సర్వీసు పద్ధతి ఇది. గడువు 3 ఏళ్లు.

కారు లిఫ్టు మీద నాలుగు వైపులా సమానంగా లేవాలి, కప్లింగ్ చేయి పెట్టగలిగేంత చల్లారాలి.
మొదట ఆయిల్ నింపే ప్లగ్గు విప్పండి. అది రాకుండా డ్రెయిన్ విప్పితే పాత ఆయిల్ పోయి, కొత్తది పోసే దారి లేక కూర్చుంటారు. తర్వాత డ్రెయిన్ తీయండి.
పంపు కనెక్టరు ఊడదీసి, రెండు అలెన్ బోల్టులు విప్పి పంపుని నేరుగా బయటికి లాగండి. వెంటనే ఇంకొంచెం ఆయిల్ కారుతుంది.
జాలీని బ్రేక్ క్లీనర్‌తో కడిగి ఆరనివ్వండి. గుడ్డతో రుద్దితే నూలు పోగులు అందులోనే ఇరుక్కుంటాయి.
ఓ-రింగులు కొత్తవి, కొద్దిగా ఆయిల్ రాసి వేయండి. పంపు ఎక్కించి బోల్టులు రెండూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి, బాడీ అల్యూమినియం.
కంపెనీ చెప్పిన కప్లింగ్ ఆయిలే, ఒక లీటరు లోపే పడుతుంది. నింపే రంధ్రం నుంచి కారేదాకా పోసి, స్కానర్‌తో పంపు నడిపి, లెవెల్ తగ్గితే మళ్లీ కారేదాకా పోయాలి. ఈ రెండోసారి పోయడం చాలామంది మర్చిపోతారు, జాలీ కడిగినా పంపు గాలి మింగుతుంది.

వెనక డిఫరెన్షియల్ ఆయిల్ వేరే చాంబర్, వేరే ప్లగ్గు, వేరే ఆయిల్. తారుమారు చేస్తే క్లచ్ ప్లేట్లు జారిపోతాయి. ఎనిమిదో తరం ఆర్‌కి వెనక అంతా వేరే అమరిక కాబట్టి ఈ పద్ధతి దానికి పెట్టకండి.

టార్క్‌బాబాయ్:
2018 అంటే 7 స్పీడ్ డీక్యూ381 రకం డీఎస్‌జీ. దాని గేర్‌బాక్స్ ఆయిల్‌కి కంపెనీ గడువు 1,20,000 కి.మీ. ట్రాఫిక్‌లో నలిగిన కారైతే 60,000కే మార్పించడం నయం. అంతకుముందు 6 స్పీడ్ డీక్యూ250కి కంపెనీ గడువే 60,000. ఆ ఇంజిన్‌కి ఇంకో బలహీనత థర్మోస్టాట్, వాటర్ పంపు ఉన్న ప్లాస్టిక్ హౌసింగ్. కూలెంట్ నెమ్మదిగా తగ్గుతూ కింద చుక్క కూడా కనబడకపోతే అక్కడ టార్చి వేసి చూడండి, ఎండిపోయిన గులాబీ రంగు మరక ఉంటుంది.

తడిరోడ్డు:
కారు ఆగిపోతే ఏం చేయాలో ఇప్పుడే గ్లవ్‌బాక్సులో రాసిపెట్టుకోండి. ముందు చక్రాలు ఎత్తి వెనకవి నేల మీద దొర్లిస్తూ లాగే బండి వద్దు. నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్డే పిలవాలి. బ్రేకు టెస్టు రోలర్ల మీద ఒక్క ఇరుసు పెట్టి మోటారుతో తిప్పేవాళ్లకీ ఇది ఆల్‌వీల్ డ్రైవ్ అని ముందే చెప్పండి.

మూడోగేరు:
టైర్ల డేటు కోడ్లు ఫొటో తీసి తెప్పించాను. ముందు రెండూ 3222, వెనక రెండూ 1124. మోడల్ ఒకటే.

స్పానర్14:
ముందువి 2022లో 32వ వారం, వెనకవి 2024లో 11వ వారం. అంటే రెండేసి చొప్పున మార్చారు, రొటేషన్ చేయలేదు. డెప్త్ గేజ్ పట్టుకెళ్లి ముందూ వెనకా కొలవండి. తేడా 2 మి.మీ. దాటితే బేరంలో నాలుగు టైర్ల ఖర్చు తగ్గించమనండి. హాల్డెక్స్ జాలీ మీద ఎంత బురద ఉందో చూడందే డబ్బు కట్టకండి. పంపు విప్పడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఇంకో కారు చూసుకోండి, ఈ మోడల్ అరుదైనదేమీ కాదు.